గుమ్మం దగ్గర ఆగే లెక్కల మాస్టారు

మా అపకూకి బావ అడగకుండా ఎవరింట్లోనూ కాలు పెట్టడు.

ఓస్, ఇంతేనా, మర్యాదస్తుడెవడైనా అంతేగా అంటారు మీరు. ఆగండి. మా బావ ఫోన్‌లో లెక్కల పాఠాలు చెప్పే మాస్టారు. ఆ పాఠం వీడియో ఏ దీవిలో ఏ ఇంట్లో తెరుచుకుంటుందో ఆ ఇంటి గుమ్మం దగ్గర కూడా ఆగుతాడు. గొంతు సవరించుకుంటాడు. లోపలికి రావచ్చా అని అడుగుతాడు. రమ్మనేదాకా కూర్చుంటాడు. త్రికోణమితి ఆ తర్వాత సంగతి.

నా పేరు ఒరిసి. అపకూకి మా మేనత్త కొడుకు. మా ఫిజీలో మేనత్త కొడుకుని నోటికొచ్చినట్టు అనొచ్చు, అతను పడాలి. అతను అంటే నేను పడాలి. ఇద్దరం ఏమీ అనుకోకుండా కూర్చుంటే మాకేదో గొడవైందని ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు. సువా మార్కెట్ వెనక, రొట్టెల బట్టీ మీది మేడగదిలో 'రారమ' అనే చదువుల యాప్ వాళ్ళ ఆఫీసు ఉంది. అక్కడ కెమెరా పట్టేది నేను. లెక్కల మాస్టారు కావాలంటే బావని తీసుకొచ్చి కూర్చోబెట్టిందీ నేనే. ఆ సంగతి మా మేనేజరు శలేష్ని మేడమ్ నన్ను ఒక్కరోజు కూడా మర్చిపోనివ్వలేదు.

ఈ జబ్బు ఫోన్‌తో వచ్చింది కాదు. బావ భార్య కెలెరా అక్క చెబుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ చేపలు కొనుక్కుని ఇంటికొస్తే, బావ వాన పడుతుండగా గుమ్మం బయట నిలబడి ఉన్నాడట.

"తాళం పోయిందా?" అందట అక్క.

"లేదు. తలుపు తీసే ఉంది."

"మరి లోపలికి పోవచ్చుగా?"

"రమ్మనడానికి లోపల ఎవరూ లేరు కదా," అన్నాడట బావ.

అది అతని సొంత ఇల్లు. అద్దె కూడా కాదు.

మా దగ్గర కూర్చున్నవాళ్ళ పక్కనుంచి నడవాలంటే నడుం వంచి 'తులౌ' అంటాం. క్షమించాలి, అడ్డొస్తున్నాను అని. వాళ్ళ తల మీదుగా చెయ్యి చాచి ఏమైనా అందుకోవాలన్నా తులౌ అని, అందుకున్నాక కింద కూర్చుని, అరచేతులు దొప్పలు చేసి మెల్లగా చప్పట్లు కొడతాం. ఇందులో వింతేమీ లేదు, అందరం చేసేదే. ఏటీఎం మిషన్‌లో చెయ్యి పెట్టేముందు తులౌ అనేవాడు మాత్రం మా బావ ఒక్కడే. ఒకసారి సువా బస్సులో ముందు తలుపు దగ్గర్నుంచి వెనక సీటు దాకా వంగి తులౌ, తులౌ అనుకుంటూ పోతుంటే, పాపం పెద్దాయన ఏదో పారేసుకున్నాడని సగం బస్సు వంగి సీట్ల కింద వెతికింది. ఒకావిడకి ఎవరిదో చెప్పు దొరికింది. అది నాది కాదు అని బావ చెప్పినా వినకుండా చేతిలో పెట్టి పంపారు.

ఇలాంటి మనిషిని కెమెరా ముందు పెట్టాం. మొదటిరోజు గోడకి నల్లబల్ల తగిలించి, దీపాలన్నీ వేసి, శలేష్ని మేడమ్ చేతులు కట్టుకుని నిలబడింది. బావ వచ్చి చాప పరుచుకుని నేల మీద కూర్చున్నాడు.

"మాస్టర్, లేచి బోర్డు దగ్గర నిలబడండి," అంది మేడమ్.

"ఎవరింట్లో?"

"ఇక్కడే, స్టూడియోలో."

"పాఠం చెప్పేటప్పుడు నేను స్టూడియోలో ఉండను కదమ్మా. వాళ్ళింట్లో ఉంటాను. ఇంట్లో పెద్దలంతా చాప మీద కూర్చునుంటే నన్ను వాళ్ళ నెత్తిన నిలబడమంటావా?"

"మాస్టర్, ఫోన్ ఇంతుంటుంది. అందులో మీరు బొటనవేలంత కనిపిస్తారు."

"బొటనవేలైనా నిలబడితే నిలబడ్డట్టేగా," అన్నాడు బావ.

మేడమ్ నావైపు చూసింది. నేను దీపాలవైపు చూశాను. చివరికి నల్లబల్లనే గోడ మీంచి దింపి నేలకి ఆనించాం. బల్ల కిందికొస్తే కెమెరా కూడా కిందికి రావాలిగా. ఆ రోజునుంచి పన్నెండో తరగతి లెక్కలన్నీ నేను బోర్లా పడుకునే తీశాను.

అక్కడితో అయితే బాగుండు. బల్ల నేలకి దిగినా దానికి ఒక పైభాగం ఉంటుంది. పైవరసలో ఏం రాయాలన్నా బావ లెక్కప్రకారం అది చూసేవాళ్ళ తల మీదుగా చెయ్యి చాచడమే. కాబట్టి తులౌ అని, రాసి, వెనక్కి కూర్చుని చప్పట్లు. మామూలు అంకెలైతే మధ్యలో రాసి సరిపెట్టేవాడు గానీ, భిన్నాలు వచ్చాయంటే మా పని అయిపోయేది. లవం రాసేముందు తులౌ, రాశాక చప్పట్లు. హారం ఎలాగూ కిందే ఉంటుంది గనక దానికేమీ అక్కర్లేదు.

ఇక పాఠం మొదలు సంగతి చెప్పాలి. మా పల్లెల్లో ఎవరింటికి వెళ్ళినా యంగోనా అనే మొక్క వేళ్ళ కట్ట పట్టుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టి, తలొంచుకుని, వచ్చిన పని చెప్పుకోవాలి. దాన్ని సెవుసెవు అంటారు. ఆయన ఆ కట్టని ముట్టుకుని ఒప్పుకున్నాడంటే ఇక ఆ ఇల్లు మీది. బావ ప్రతి వీడియో మొదట్లోనూ కెమెరా ముందు ఒక కట్ట పెట్టి, కళ్ళు దించుకుని, పెద్దల ముందు మాట్లాడే నిండు భాషలో ఏదో చెప్పేవాడు. అది కొండవాగులా సాగేది. నేను సువాలో పుట్టి సువాలో పెరిగినవాణ్ణి. ఆ భాష నా చెవిదాకా వస్తుంది గానీ లోపలికి రాదు. మేడమ్ ముత్తాతలు ఇండియా నుంచి చెరుకుతోటల్లో పనికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, ఆవిడకి అసలే రాదు. చెప్పడం అయ్యాక బావ ఊరుకునేవాడు. అలా ఊరుకునే ఉండేవాడు.

"ఎందుకు ఆగారు మాస్టర్?"

"జవాబు కోసం."

"వాళ్ళు ఎక్కడో దీవుల్లో ఉన్నారు. జవాబు చెప్పినా మీకు వినపడదు!"

"నాకు వినపడనంత మాత్రాన వాళ్ళు చెప్పలేదంటే ఎలాగమ్మా," అనేవాడు బావ ఎంతో నిదానంగా.

ఇచ్చిన కట్టని ఎవరో ఒకరు పుచ్చుకోవాలి. గదిలో మిగిలింది నేను. బోర్లా పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే కెమెరా పక్కనుంచి చెయ్యి చాచి పుచ్చుకునేవాణ్ణి. పుచ్చుకున్నాక దాచుకోకూడదు, దంచి నీళ్ళలో పిసికి తాగాలి. యంగోనా తాగితే మత్తు రాదు గానీ నాలుక మొద్దుబారి ప్రపంచం మీద కోపం పోతుంది. ఫిజిక్స్ మాస్టారు చాక్‌పీసు కోసమని మా గదిలోకి తొంగిచూసి, సాయంత్రం దాకా గోడకి ఆనుకుని ఉండిపోయేవాడు. ఆ ఏడు మా యాప్‌లో కాంతి మీద పాఠాలు బాగా ఆలస్యమయ్యాయి.

శలేష్ని మేడమ్ చెడ్డది కాదు. ఆవిడ భయం ఆవిడది. తుపాను వచ్చిపోయాక దీవుల్లో కొన్ని బడులకి లెక్కల మాస్టర్లు లేకుండా పోయారు. ముందు ఇళ్ళ కప్పులు లేచిపోయాయి, వాటి వెనకే మాస్టర్లూ. అక్కడి పన్నెండో తరగతి పిల్లలకి మా బావ తప్ప దిక్కులేదు. ఏడాది చివరి పరీక్షలో లెక్కలు తప్పితే నర్సు చదువూ లేదు, ఓడల చదువూ లేదు, మళ్ళీ కర్రపెండలం తోటకే. పైగా పాఠాలకి డబ్బిచ్చేవాళ్ళు ఏడాది చివర్లో చూడటానికి వస్తారు. పిల్లలు సరిగ్గా చూడట్లేదని తేలితే, పైదేశం నుంచి తయారుగా ఉన్న పాఠాలు తెప్పిస్తామని ముందే చెప్పారు. అందులో లెక్కలు చెప్పేది ఒక కార్టూన్ కంగారూ. అది అడగకుండా ఎవరింట్లోకైనా దూకుతుంది.

"ఆ కంగారూ ఆరు నిమిషాల్లో చెప్పే లెక్క మీకు అరగంట పడుతోంది మాస్టర్," అని మొత్తుకునేది మేడమ్. "పిల్లలు విసిగిపోతారు. ఆ మొదటి భాగం తీసేద్దాం."

"గుమ్మం తీసేస్తే ఇంట్లోకి ఎటునుంచి వెళ్ళను?" అనేవాడు బావ.

ఇంతలో మధ్య పరీక్షలు వచ్చాయి. కోరో దీవి నుంచి పరీక్షల అధికారి ఫోన్ చేశాడు. హాల్లో పిల్లలు ఉన్నట్టుండి గుసగుసగా ఏదో అంటున్నారట, చప్పట్లు కొడుతున్నారట. చప్పట్ల లెక్కతో ఒకరికొకరు జవాబులు అందించుకుంటున్నారని ఆయన అనుమానం. తీరా దగ్గరికి వెళ్ళి చూస్తే భిన్నం వచ్చిన ప్రతిచోటా కొడుతున్నారట. మేడమ్ తల పట్టుకుని కూర్చుంది. బావని పిలిపించింది.

"విన్నారా మాస్టర్? లవం రాసేముందు చప్పట్లు కొడుతున్నారట! అది కూడా లెక్కలో భాగమనుకుంటున్నారు!"

బావ ముఖం నిజంగానే చిన్నబోయింది.

"తప్పే," అన్నాడు. "రాసేముందు తులౌ. చప్పట్లు రాశాక. మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి."

ఆ రోజే మేడమ్ ఒక నిర్ణయానికి వచ్చినట్టుంది. మా యాప్‌లోకి కొత్త సదుపాయం ఒకటి వచ్చి పడింది. వీడియోలో మాటల్లేని చోట్లనీ, పాఠానికి సంబంధం లేని మాటల్నీ, దగ్గుల్నీ చప్పుళ్ళనీ అదే వెతికి కత్తిరించేస్తుంది. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు. బావ పాఠాలన్నీ దాని నోట్లో వేశారు. అరగంట పాఠం అవతలివైపు నుంచి ఎనిమిది నిమిషాలై బయటికొచ్చింది. మేడమ్ అందరికీ రోటీ పార్సిళ్ళు తెప్పించింది. బంగాళదుంప కూర వేడిగా ఉంది, నేను రెండు తిన్నాను.

బావ తనదీ తింటూ కొత్త వీడియో చూశాడు. కట్ట లేదు, పలకరింపు లేదు, జవాబు కోసం ఆగడం లేదు. తెర వెలగ్గానే బావ ముఖం ఊడిపడి, "సైన్ తీటా!" అంది. తింటున్న రోటీ కింద పెట్టేశాడు.

"నేనిలా వెళ్ళానా?" అన్నాడు. "అందరిళ్ళలోకీ?"

"ఏమీ కాదు బావా. ఎనిమిది నిమిషాలేగా."

"ఒరే బామ్మర్దీ, దొంగ కూడా కిటికీ దగ్గర కాసేపు ఆగుతాడ్రా."

బావ చెవులు ఎర్రబడిపోయాయి. సిగ్గుతో మనిషి చచ్చిపోవడమంటే ఏమిటో ఆ పూట చూశాను. లేచి, సంచి భుజానికి తగిలించుకోకుండా చేత్తో పట్టుకుని, మేడమ్‌కి తులౌ చెప్పి, తలుపు పక్కనున్న చేపల తొట్టెకి కూడా తులౌ చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇంటికి వెళ్తే కెలెరా అక్క, "సెలవు పెట్టానన్నాడు, ఓడెక్కాడు, ఎక్కడికో చెప్పలేదు. నేనూ అడగలేదు, అడిగితే సెవుసెవు తెమ్మంటాడు," అంది.

కంగారూ కంటే వేగంగా పాఠాలు తయారయ్యాయి కదా, ఇక పిల్లలు విరగబడి చూస్తారనుకున్నాం. చూసేవాళ్ళు తగ్గిపోయారు. వారం గడిచేసరికి సగానికి సగం లేరు. కోరో దీవిలో అయితే ఒక్కరంటే ఒక్కరు చూడలేదు. పరీక్ష దగ్గరికొచ్చేస్తోంది. మేడమ్ అక్కడి బడి హెడ్‌మాస్టారికి ఫోన్ చేసింది, నేను పక్కనే ఉన్నాను.

"పిల్లలు ఫోన్లు తెరవట్లేదేమిటి సార్?"

"పిల్లల దగ్గర ఫోన్లెక్కడివి మేడమ్? ఇంటికొకటి ఉంటే గొప్ప. అది తాత దగ్గరుంటుంది."

"మరి ఇన్నాళ్ళూ ఎలా చూశారు?"

"తాతలు చూపించారు."

"ఇప్పుడెందుకు చూపించట్లేదు?"

ఆయన కాసేపు నసిగాడు. "అది నేను ఫోన్‌లో చెప్పే మాట కాదు. మీరే వచ్చి అడగండి," అని పెట్టేశాడు.

అలా మేడమూ నేనూ ఓడెక్కి కోరో వెళ్ళాం. ఓడ ఊగిన ఊపుకి మేడమ్ దారంతా దేవుళ్ళని పేరుపేరునా పిలుస్తూనే ఉంది. దిగేటప్పుడు మాత్రం చేతిలో యంగోనా కట్ట భద్రంగా ఉంది. సువా మార్కెట్లో తనే బేరమాడి కొంది. పల్లెకి ఉత్త చేతుల్తో వెళ్ళకూడదని ఫిజీలో పుట్టిన ఎవరికైనా తెలుసు.

హెడ్‌మాస్టారు మమ్మల్ని నవితలై తాత ఇంటికి పంపాడు. ఆయన మనవరాలు వాసితి పన్నెండో తరగతి. మధ్య పరీక్షలో లెక్కల్లో బడి మొత్తానికి మొదటిది. చప్పట్లు కూడా అందరికంటే గట్టిగా కొట్టిందట. ఇల్లంటే ఒకటే గది. అందులో పిల్లలూ కోడళ్ళూ కొడుకులూ, మూలన పీటంత రేడియో, గోడకి రగ్బీ జట్టు ఫోటో. మేడమ్ గుమ్మం దగ్గర కూర్చుని కట్ట ముందుకు తోసి, వచ్చీరాని ఫిజీ భాషలో రావచ్చా అని అడిగింది. తాత కట్టని ముట్టుకున్నాడు. ముట్టుకుని ఆవిడ ముఖంలోకి చూశాడు.

"నీకు ఇదంతా తెలుసన్నమాట," అన్నాడు.

"తెలుసు తాతగారూ."

"మరి ఆ తీటా గాడిని అలా ఎందుకు పంపావమ్మాయ్?"

తాత వెనక్కి జరిగి బిస్కట్ల డబ్బా తీసి మూత తెరిచాడు. లోపల పాత తువ్వాల్లో చుట్టి ఫోన్ ఉంది.

"ఇదివరకు వచ్చినాయన మర్యాదగా వచ్చేవాడు. మేం రమ్మనేదాకా నోరెత్తేవాడు కాదు. ఇప్పుడు వాడెవడో వస్తున్నాడు. మొహం అదే, ఆయన తమ్ముడేమో. ఉలుకూ పలుకూ లేకుండా ఊడిపడి నా ఇంట్లో నా మీదే అరుస్తాడు! రెండుసార్లు చూశాను. మూత పెట్టేశాను."

"తాతగారూ, మీరు లెక్కల పాఠం మొత్తం వినేవారా?" అంది మేడమ్.

"నాకెందుకమ్మా లెక్కలు? కట్ట పుచ్చుకున్నాక అతిథిని ఒంటరిగా వదిలేసి పోతామా? ఆయన మాట్లాడినంతసేపూ ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. పేకాట లేదు, రేడియో లేదు. రగ్బీ ఉన్నా సరే."

"రగ్బీ ఉన్నా?" అన్నాను నేను. ఆ మాట నమ్మడానికి నాకు కాస్త సమయం పట్టింది.

"ఆటలో మనవాళ్ళు గెలుస్తున్నా సరే," అన్నాడు తాత, అంత పని చేసినందుకు తనకే బాధగా ఉన్నట్టు.

వాసితి గోడ పక్కన తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. మేడమ్ అడిగితే తల ఎత్తకుండా చెప్పింది. "రోజంతా ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు మేడమ్. మాస్టారు మాట్లాడేటప్పుడే నన్నెవరూ పిలవరు. ఇప్పుడు చదువుదామని కూర్చుంటే నాలుగో లెక్క దగ్గరికి కూడా రాలేకపోతున్నా. ఇలాగే ఉంటే నర్సు చదువు నాకు రాదు."

ఇన్నాళ్ళూ బావ గుమ్మం దగ్గర సమయం పాడుచేస్తున్నాడనుకున్నాం. ఈ పిల్లకి రోజు మొత్తంలో దొరికే ప్రశాంతత అంతా అక్కడ కూర్చుని అతను సంపాదించిపెట్టిందే.

"అదలా ఉంచు," అన్నాడు తాత. "వాడు వచ్చినప్పట్నుంచి కట్టెల మాట ఎత్తేవాడే లేడు."

"ఏ కట్టెలు?" అన్నాను.

"ఏ కట్టెలేమిటి? మాస్టారు ప్రతిసారీ మాటిస్తాడుగా. నువ్వేగా ఆ బొమ్మ తీసేవాడివి?"

"తీసేది నేనే."

"తీస్తావు సరే, వింటావా?"

ఆ నిండు భాషని తాత అప్పుడు నాకు చంటిపిల్లాడికి చెప్పినట్టు విడమర్చి చెప్పాడు. "ఇంటి పెద్దా, మీ పొయ్యికి దణ్ణం, మీ గుమ్మానికి దణ్ణం. మీ పిల్లని కాసేపు నాకు అప్పివ్వండి. నేను మాట్లాడినంతసేపూ ఆమె నీళ్ళకి పోదు, కట్టెలకి పోదు, తమ్ముణ్ణి ఎత్తుకోదు. ఆ పని నా మెడ మీద వేసుకుంటున్నాను. సెలవుల్లో వచ్చి చేసిపెడతాను, అని అంటాడు. మేం సరే అంటాం. ఆ తర్వాతే పాఠం."

"ఊరికే మర్యాదకి అంటాడేమో తాతా," అన్నాను.

"మర్యాదకి కట్టెలు విరుగుతాయా? మొన్న మే నెల సెలవుల్లో వచ్చి సమీకరణాల తాలూకువి మొత్తం కొట్టిపెట్టాడు. పక్క ఊళ్ళో బిందెలు మోశాడట. ఆవలి ఊళ్ళో ఎవరి చంటివాణ్ణో ఆడించాడట, వాడు ఇంకా ఏడుస్తున్నాడు మాస్టారు కావాలని. ఇప్పుడు రెండు వారాలై కింది ఊళ్ళన్నిటి బాకీలు తీర్చుకుంటూ నిన్న ఇక్కడికొచ్చాడు. త్రికోణమితి మిగిలిపోయింది. వెనక కొడుతున్నాడు, పోయి చూడు."

నేనూ మేడమూ ఇంటి వెనక్కి పరిగెత్తాం. బావ చొక్కా విప్పేసి, చేతులకి గుడ్డపేలికలు చుట్టుకుని గొడ్డలి ఎత్తి ఉన్నాడు. పక్కన మోపులు ఇంటి చూరు దాకా ఉన్నాయి. నాకు ఆ క్షణాన బావని గట్టిగా వాటేసుకోవాలనిపించింది. చేతిలో గొడ్డలి ఉంది గనక ఆగాను.

"ఏరా బామ్మర్దీ," అన్నాడు మామూలుగా. "ఓడలో కక్కుకోకుండా వచ్చావా?"

"నీలాంటి పిచ్చివాణ్ణి ఈ సముద్రంలో ఏ దీవిలోనూ చూడలేదు బావా," అన్నాను.

మేడమ్‌కి కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "మాస్టర్! ఈ సంగతి నాకు ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?"

"ప్రతి పాఠంలోనూ చెప్పానమ్మా," అన్నాడు బావ. "మొదట్లోనే."

ఆవిడ కళ్ళు తుడుచుకుని మోపులవైపు చూసింది. "చూసేవాళ్ళు పెరగాలని నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటే, పెరిగినకొద్దీ మీరు ఇలా కట్టెలు కొడుతున్నారా?"

"దణ్ణం నేనూ పెట్టుకుంటున్నానమ్మా. కాకపోతే నడుం పట్టేస్తోంది. కాస్త మెల్లగా పెంచమని చెప్పు."

ఆ ఊళ్ళో సిగ్నల్ కొండ మీదే దొరుకుతుంది. వాసితి దారి చూపిస్తుంటే మేడమ్ చెప్పులు చేత పట్టుకుని కొండెక్కి, సువాకి ఫోన్ చేసి, కత్తిరించే ఆ సదుపాయం తీసిపారేయమంది. మాస్టారి పాఠాలన్నీ మొదట్నుంచి చివరిదాకా, దగ్గులతో సహా, ఎలా ఉన్నవి అలా పెట్టేయమంది. డబ్బిచ్చేవాళ్ళకి ఏం చెబుతావని అవతలివాళ్ళు అడిగినట్టున్నారు. "వాళ్ళని కూడా ఒక కట్ట పట్టుకుని రమ్మను," అని అరిచింది. వాసితి ఆ కొండ మీదే త్రికోణమితి మొత్తం పాఠాన్ని తాత ఫోన్‌లోకి దింపుకుంది.

ఆ పిల్ల ఆ ఏడు లెక్కలు పాసై సువాలో నర్సు చదువుకి వచ్చింది. ఇది చివర్లో చెప్పాల్సిన మాటే, కానీ చివర్లో నాకు వేరే పనుంది.

కొండ దిగాక నేను ఓడ సంగతి కనుక్కుందామని లేచాను. అప్పటికే తాత ఫోన్‌ని డబ్బా మీద నిలబెట్టేశాడు. తెర మీద బావ తలొంచుకుని కూర్చున్నాడు. కట్ట పెట్టాడు. మాట్లాడాడు. ఈసారి ప్రతి మాటా నాకు అర్థమైంది. ఆగాడు. తాత చప్పట్లు కొట్టి, "రా నాయనా, ఇల్లు నీది," అన్నాడు. రేడియో ఆగిపోయింది. ఓ కోడలు వచ్చి వాసితి ఒళ్ళోంచి పిల్లవాణ్ణి తీసుకుంది. గదంతా చాప మీద సర్దుకుంది. నేను మెల్లగా తలుపువైపు జరిగాను.

"ఎక్కడికి?" అన్నాడు తాత. "అతిథి మాట్లాడుతున్నాడు. కూర్చో."

కూర్చున్నాను. మేడమ్ అప్పటికే కూర్చుంది. నేను బోర్లా పడుకుని తీసిన పాఠమే అది, అరగంట పైన ఉంటుంది. ఫోన్‌లో బావ సైన్ తీటా దగ్గరికొచ్చి త్రిభుజం గీస్తున్నాడు. వాసితి పెదవులు కదుపుతూ రాసుకుంటోంది. ఇంతలో ఇంటి వెనకనుంచి టక్, టక్ మని గొడ్డలి మోత.

తాతకి ఒళ్ళు మండిపోయింది. కిటికీలోంచి తల బయటపెట్టి ఊరంతా వినేలా అరిచాడు. "ఎవడ్రా అక్కడ! మాస్టారు పాఠం చెబుతుంటే ఆ చప్పుడేమిటి? బుద్ధుందా?"

"తాతా, అక్కడున్నది మాస్టారే," అన్నాను గుసగుసగా.

"మాస్టారు ఇక్కడున్నాడు," అన్నాడు తాత ఫోన్ చూపించి. "వాడు కట్టెలు కొట్టేవాడు."

గొడ్డలి ఆగిపోయింది. కాసేపటికి బావ చెమట తుడుచుకుంటూ వచ్చి గుమ్మం బయట మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరూ రమ్మనలేదు గనక లోపలికి రాలేదు. అక్కడినుంచే మెడ చాచి తన పాఠం తనే విన్నాడు. మధ్యలో ఒకచోట అయ్యో, అక్కడ ఇంకొక్క మెట్టు చెప్పి ఉండాల్సింది అన్నట్టు తల గోక్కుని నోరు తెరిచాడు. మళ్ళీ మూసేసుకున్నాడు. లోపల మాస్టారు మాట్లాడుతున్నారు కదా.